సమాసం ఏ ఇంటిది? బీజగణిత భాషలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంప్యూటర్ చేత అంకగణితం కాక బీజగణితమే చేయించే భాషల గురించి వచ్చిన ఉత్తరాలలో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. తెలియని రాశికి ఎక్స్ అనే అక్షరం బదులు 'యా' అని రాస్తున్నాము. ఇది మా కల్పన కాదు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని 'యావత్తావత్' అని పిలిచి, దానిని 'యా' అని క్లుప్తంగా రాసుకున్నాడు. ఆ తరువాతి రాశులకు కాలకం, నీలకం అంటూ రంగుల పేర్లు పెట్టుకున్నాడు.

ప్రశ్న: నేను రోజూ పైథాన్‌లో పని చేస్తాను. బీజగణితం కోసమే తయారైన ఫంక్షనల్ భాషలు, అంటే ప్రోగ్రాంను ప్రమేయాలతో (ఫంక్షన్లతో) కట్టే భాషలు, ఉన్నాయని విన్నాను. ఉన్న భాషలోనే ఒక లైబ్రరీ రాసుకుంటే సరిపోదా? వేరే భాష అవసరం ఎందుకు వచ్చింది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: చాలా పనులకు లైబ్రరీ సరిపోతుంది. పైథాన్‌లోని సింపై అటువంటిదే. దాని నిర్మాణంలో మన దేశపు విద్యార్థులు ఎందరో పాలుపంచుకున్నారు కూడా. అయితే మీ ప్రశ్నను కొంచెం తిరగవేసి చూడవలసి ఉంటుంది, ఎందుకంటే ఫంక్షనల్ భాషలు ముందు పుట్టి, తరువాత బీజగణితానికి పనికివచ్చినవి కావు. బీజగణితం చేయించబోతేనే మొదటి ఫంక్షనల్ భాష రూపు దిద్దుకుంది. 1958 వేసవిలో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ ఐబీఎంలో ఉండగా, బీజీయ సమాసాలకు (సంఖ్యలూ గుర్తులూ కలిపి రాసినవాటికి) అవకలజాలు కనుక్కునే ప్రోగ్రాం రాయడానికి పూనుకున్నాడు. సంఖ్య అయితే అవకలజం సున్న, ఆ చరరాశే అయితే ఒకటి, మొత్తం అయితే విడివిడి అవకలజాల మొత్తం, లబ్ధం అయితే మనం ఇంటర్మీడియట్‌లో వల్లె వేసిన సూత్రం. ఈ నాలుగు మాటలనూ ఉన్నవి ఉన్నట్టు రాస్తే అదే ప్రోగ్రాం కావాలని ఆయన కోరిక. అందుకు తనను తాను పిలుచుకోగల ప్రమేయం కావాలి, షరతును బట్టి విలువ ఇచ్చే సమాసం కావాలి, ఒక ప్రమేయాన్ని జాబితాలోని ప్రతి అంశానికీ వర్తింపజేసే ఏర్పాటు కావాలి. ఆనాటి ఫోర్ట్రాన్ భాషలో వీటికి చోటు లేకపోవడంతో ఆ ఆలోచనలన్నీ లిస్ప్ అనే కొత్త భాషగా పరిణమించాయి. పని అయిపోయిన జ్ఞాపకస్థలాన్ని ప్రోగ్రామరు చెప్పకుండానే యంత్రం తనంతట తాను ఏరుకొనే పద్ధతి, అంటే మీరందరూ గార్బేజ్ కలెక్షన్ అని పిలిచేది, ఈ సందర్భంలోనే వచ్చింది: అవకలనం వంటి చక్కని నిర్వచనం మధ్యలో 'ఇక్కడ చెరిపివేయి, అక్కడ చెరిపివేయి' అని రాయడానికి మెకార్తీకి మనసు ఒప్పలేదు.

లిస్ప్ సమాసం ఆకారాన్ని బాగా పట్టుకుంది. కాని ఆకారం తెలిసినంత మాత్రాన బీజగణితం పూర్తి కాదు. యా² + 1 ని కారణాంకాలుగా విడగొట్టమని అడిగితే ఏమి చెప్పాలి? పూర్ణాంకాలలో అది విడదు. సంకీర్ణ సంఖ్యలలో (యా + ఐ)(యా − ఐ) అవుతుంది. ప్రతి సంఖ్యనూ 5తో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకొనే లెక్కలో (యా + 2)(యా + 3) అవుతుంది, ఎందుకంటే గుణించి చూస్తే వచ్చే 5యా మాయమై, 6 కాస్తా 1గా మిగులుతుంది. 2తో భాగించే లెక్కలో (యా + 1)² అవుతుంది, 3తో అయితే మళ్ళీ విడదు. కాగితం మీద అవే మూడు గుర్తులు, జవాబులు మాత్రం నాలుగు విధాలు. సమాసం ఏమిటన్నది కాక, సమాసం ఏ ఇంటిది అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నను భాషకే అప్పగించిన వ్యవస్థ, 1977 నుంచి ఐబీఎం వారి యార్క్‌టౌన్ హైట్స్ పరిశోధన కేంద్రంలో రిచర్డ్ జెంక్స్ నాయకత్వంలో తయారైన రెండవ స్క్రాచ్‌ప్యాడ్. దీనినే తరువాత యాక్సియం అన్నారు. ఇందులో ప్రతి విలువకూ ఒక డొమైన్ ఉంటుంది. అంటే ఒక ఇల్లు. ప్రతి డొమైన్ ఒకటి గాని అంతకంటె ఎక్కువ గాని కేటగిరీలకు చెందుతుంది. అంటే ఆ ఇంట్లో ఏయే పనులు చెల్లుతాయో చెప్పే ఒప్పందం. కూడిక, తీసివేత, గుణకారం సక్రమంగా ఉంటే వలయం. సున్న కాని ప్రతిదానితోనూ భాగించగలిగితే క్షేత్రం. ఇవి మన డిగ్రీ గణితంలోని మాటలే గాని సాఫ్ట్‌వేరు వాళ్ళు కొత్తగా అల్లినవి కావు. సమీకరణాల మాత్రికను వరుస వరుసగా తగ్గించే గాస్ పద్ధతిని 'క్షేత్రం' అనే ఒప్పందం మీద ఒక్కసారి రాస్తే, అకరణీయ సంఖ్యలకూ, శేషాల క్షేత్రాలకూ, బహుపదుల భిన్నాలకూ అదే పనిచేస్తుంది. జెంక్స్, బ్యారీ ట్రేగర్ ఈ రూపకల్పనను 1981లో ఒక పత్రంలో వివరించారు. ఈ ఒప్పందాలను పోలిన టైప్ క్లాసుల గురించిన ప్రసిద్ధ పత్రం, అంటే హాస్కెల్ అనే ఫంక్షనల్ భాష వాడుకరులు నేడు గర్వంగా చెప్పుకొనేది, వెలువడింది 1989లో.

ఇక ఇందులో ఫంక్షనల్ లక్షణం ఎక్కడ ఉన్నదంటే, ఇళ్ళను కట్టే చోట ఉన్నది. 'పాలినోమియల్' అన్నది ఒక ఇల్లు కాదు, ఒక ప్రమేయం: వలయాన్ని ఇస్తే, ఆ వలయపు గుణకాలు గల బహుపదుల వలయాన్ని తిరిగి ఇస్తుంది. 'ఫ్రాక్షన్' కూడా అంతే, 'మాట్రిక్స్' కూడా అంతే. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అందిస్తూ పోవచ్చు. ఈ గొలుసు ఇంగ్లీషు వాళ్ళకు బయటి నుంచి లోపలికి నడుస్తుంది. తెలుగులో షష్ఠీ విభక్తి పుణ్యమా అని 'పూర్ణాంకాల భిన్నాల బహుపదుల మాత్రికలు' అని లోపలి నుంచి బయటికి, కట్టిన క్రమంలోనే, హాయిగా చదువుకోవచ్చు. స్టీఫెన్ వాట్ ఐబీఎంలోనే యాక్సియం కోసం రూపొందించిన ఆల్డర్ భాష ఇంకొక అడుగు వేసింది. అందులో రకాలు (టైపులు, అంటే ఆ ఇళ్ళు) కూడా సంఖ్యల వలె మామూలు విలువలే; వాటిని ప్రమేయానికి ఇవ్వవచ్చు, ప్రమేయం నుంచి పుచ్చుకోవచ్చు, ఒక ప్రమేయపు ఫలితం ఏ రకమో దానికి ఇచ్చిన విలువను బట్టి మారవచ్చు. 'ఎన్ అనే సంఖ్య ఇస్తే ఎన్ వరుసల చతురస్ర మాత్రికల వలయం' అన్నది ఆల్డర్‌లో ఒక సాధారణ వాక్యం.

నిజాయతీగా ఒక మాట చెప్పాలి. యాక్సియం భాష గాని ఆల్డర్ గాని శుద్ధ ఫంక్షనల్ భాషలు కావు. చరరాశికి కొత్త విలువ కట్టబెట్టడం, లూపులు తిప్పడం రెండింటిలోనూ చెల్లుతాయి. అది లోపమని మేము అనుకోము. పెద్ద మాత్రికను ఉన్న చోటనే మార్చుకుంటూ పోవలసిన అవసరం బీజగణితంలో తరచు వస్తుంది.

ప్రశ్న: (యా² − 1)/(యా − 1) అని కంప్యూటర్‌కు ఇస్తే, వెంటనే యా + 1 అని జవాబు ఇచ్చింది. 'యా విలువ 1 కానప్పుడు' అన్న షరతు రాయకపోతే మా విద్యార్థులకు నేను మార్కులు తగ్గిస్తాను. మరి ఈ సాఫ్ట్‌వేరుకు ఎన్ని మార్కులు వేయాలి?
— గణిత అధ్యాపకుడు, విజయనగరం

జవాబు: మీ ప్రశ్నపత్రంలో 'యా' ఏమిటన్నదాన్ని బట్టి మార్కులు వేయాలి. విద్యార్థి దృష్టిలో ఇచ్చిన సమాసం ఒక ప్రమేయం. 1 వద్ద దానికి విలువ లేదు, యా + 1 కు 2 అనే విలువ ఉన్నది, కనుక అవి రెండూ వేరు వేరు ప్రమేయాలు. మీరు మార్కులు తగ్గించడం న్యాయమే. కంప్యూటర్ మాత్రం దానిని బహుపదుల భిన్నాల క్షేత్రంలోని ఒక మూలకంగా తీసుకుంది. అక్కడ యా అన్నది విలువ కోసం ఎదురుచూసే ఖాళీ కాదు, అదే ఒక వస్తువు. 4/6, 2/3 ఒకే అకరణీయ సంఖ్య అయినట్టే, ఆ రెండు భిన్నాలూ ఒకే మూలకం. షరతు రాయడానికి అక్కడ అర్థమే లేదు, ఎందుకంటే యా − 1 అనేది ఆ క్షేత్రంలో సున్న కాదు.

కాబట్టి సాఫ్ట్‌వేరు తప్పు చేయలేదు. కాని మీతో మాట్లాడుతున్న ఇల్లు ఏదో చెప్పకపోతే మాత్రం తప్పు చేసినట్టే. యాక్సియం కుటుంబపు వ్యవస్థలు ప్రతి జవాబు కిందా, కుడివైపున, దాని రకాన్ని ముద్రిస్తాయి. ఇక్కడ 'ఫ్రాక్షన్ పాలినోమియల్ ఇంటిజర్' అని పడుతుంది. ఆ ఒక్క పంక్తినీ చూడకుండా జవాబును నల్లబల్ల మీదికి ఎక్కించడం వలననే చిక్కులు వస్తాయి. √(యా²) విషయంలోనూ ఇదే తగవు. యా వాస్తవ సంఖ్య అని చెబితే జవాబు దాని పరమమూల్యం. యా కేవలం గుర్తు అయితే, వర్గం చేస్తే యా² వచ్చే మూలకాలు యా, −యా అని రెండు ఉన్నాయి, వాటిలో ఒకదానిని 'ఇదే' అని ఎంచుకొనే ఆధారం బీజగణితంలో లేదు. ఈ పాఠాన్ని తరగతిలో కంప్యూటర్ పక్కన పెట్టుకొని చెబితే, షరతు ఎందుకు రాయాలో పిల్లలకు మార్కుల భయం లేకుండానే తెలుస్తుందని మాకు తోస్తున్నది.

ప్రశ్న: ఇ ఘాతం (−యా²) కు సమాకలని అడిగితే 'ఎర్ఫ్' అనే ప్రమేయంతో జవాబు వచ్చింది. మరికొన్ని లెక్కలకు నేనిచ్చిన సమాకలన చిహ్నమే తిరిగి వచ్చింది. మొదటిది జవాబేనా? రెండవది ఓటమేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మొదటిది జవాబే గాని, ఒక విధంగా పేరు పెట్టడం మాత్రమే. ఘాతాలు, లాగరిథమ్‌లు, మూలాలు, త్రికోణమితి ప్రమేయాలు, వీటిని కూడికలు గుణకారాలతో కలిపి రాయగలిగినవాటిని ప్రాథమిక ప్రమేయాలు అంటారు. మీరు ఇచ్చిన దానికి ఆ పరిధిలో సమాకలని లేదు. ఇటువంటి నిరూపణలకు పందొమ్మిదో శతాబ్దంలోనే జోసెఫ్ లియూవిల్ దారి వేశాడు. సంభావ్యతా శాస్త్రంలో అది పదే పదే ఎదురవుతుంది కనుక దానికి ఎర్ఫ్ అని పేరు పెట్టి వాడుకుంటున్నాము.

మీ రెండవ ప్రశ్నే మాకు నచ్చింది. చిహ్నం తిరిగి రావడానికి రెండు అర్థాలు ఉండవచ్చు: 'లేదు' అని ఒకటి, 'నాకు చేతకాలేదు' అని మరొకటి. సింపై వంటి వాటిలో సాధారణంగా ఇది రెండవ అర్థంలో వస్తుంది. ఉన్న ఉపాయాలన్నీ ప్రయోగించి, చివరికి చేతులెత్తేయడం అన్నమాట. 1960ల చివర రాబర్ట్ రిష్ దీనికి వేరొక మార్గం చూపాడు. సమాసాన్ని అంతస్తులుగా కట్టుకోవాలి: అట్టడుగున యా భిన్నాలు, దానిపైన ఒక ఘాతం, దానిపైన ఒక లాగరిథమ్, ఇలా. ప్రతి అంతస్తూ ఒక క్షేత్రం. పై అంతస్తులోని ప్రశ్నను కింది అంతస్తు ప్రశ్నలుగా తగ్గించుకుంటూ పోతే, చివరకు సమాకలని అయినా చేతికి వస్తుంది, లేదా అది లేదనే నిరూపణ అయినా వస్తుంది. క్షేత్రాన్ని ఇచ్చి క్షేత్రాన్ని పుచ్చుకొనే ప్రమేయాలు భాషలోనే ఉన్న చోట ఈ మేడ కట్టడం ఎంత సహజమో మీరు ఊహించవచ్చు. మూలాలున్న ప్రమేయాల సమాకలనంపై ట్రేగర్, ఆ తరువాత మాన్యుయెల్ బ్రాన్‌స్టీన్ చేసిన కృషి యాక్సియంలోకి చేరింది. అందులో సమాకలన చిహ్నం అలాగే తిరిగి వస్తే, ప్రాథమిక సమాకలని లేదని అర్థం. తన ప్రోగ్రాంలో ఇంకా రాయని భాగం అడ్డుపడితే, ఆ సంగతిని దోష సందేశంగా విడిగా చెబుతుంది. ఓడిపోయినప్పుడు ఓడిపోయానని చెప్పే ఈ గుణం మాకు ఆ వ్యవస్థ మొత్తంలో అన్నిటికంటె గొప్పదిగా కనబడుతుంది.

దీనికీ ఒక హద్దు ఉన్నది. 1968లో డేనియల్ రిచర్డ్‌సన్ నిరూపించినదాని ప్రకారం, పై (π), లాగ్ 2, ఘాతం, సైన్, పరమమూల్యం వీటన్నిటినీ స్వేచ్ఛగా కలిపి రాసిన సమాసం ఎల్లప్పుడూ సున్నకు సమానమా కాదా అని తేల్చే పద్ధతి ఏదీ ఉండదు. సున్నను గుర్తించలేని ఇంట్లో భాగహారం కూడా నమ్మకంగా చేయలేము కదా.

ప్రశ్న: రెండు చిన్న బహుపదుల గ.సా.భా. కోసం నేనే ఒక ప్రోగ్రాం రాశాను. మధ్యలో గుణకాలు విపరీతంగా పెరిగిపోయి కంప్యూటర్ నెమ్మదించింది. ఎక్కడ పొరబడ్డాను?
— పరిశోధక విద్యార్థి, వరంగల్లు

జవాబు: మీరు పొరబడలేదు; యూక్లిడ్ పద్ధతిని పూర్ణాంకాల మీద నేరుగా నడిపితే అలాగే అవుతుంది. ఈ రంగంలో అందరూ చూపే ఉదాహరణ ఇది: యా⁸ + యా⁶ − 3యా⁴ − 3యా³ + 8యా² + 2యా − 5 ఒకటి, 3యా⁶ + 5యా⁴ − 4యా² − 9యా + 21 మరొకటి. ఏ గుణకమూ రెండంకెలు దాటదు. వీటి గ.సా.భా. కేవలం 1. భిన్నాలు రాకుండా ఎప్పటికప్పుడు గుణించుకుంటూ, ఉమ్మడి గుణకాలను తీసివేయకుండా పోతే, ఆ 1 అని తేలే వేళకు చేతిలో 35 అంకెల సంఖ్య ఉంటుంది.

ఉపాయం ఏమిటంటే, కొంతసేపు ఇల్లు మారడం. అన్ని గుణకాలనూ 13తో భాగించి శేషాలు మాత్రమే ఉంచుకోండి. ఇప్పుడు ఏ గుణకమూ 12 దాటదు, లెక్క కాగితం మీద కూడా పూర్తవుతుంది, గ.సా.భా. 1 అని వస్తుంది. మొదటి బహుపది అగ్ర గుణకం 1 కనుక, పూర్ణాంకాలలో నిజమైన సామాన్య భాజకం ఏదైనా ఉంటే అది 13 లెక్కలోనూ తన పరిమాణాన్ని (యా అత్యధిక ఘాతాన్ని) కోల్పోకుండా కనబడి తీరాలి. కనబడలేదు కనుక అసలు లేదు. దీనికి ఎదురు దిశలో మాత్రం నమ్మకం పెట్టుకోకండి. ఇవే బహుపదులను 2 లెక్కలోకి మార్చితే, రెండింటికీ యా² + యా + 1 సామాన్య భాజకంగా కనబడుతుంది. అది ఆ ఇంటి వింత, పూర్ణాంకాల ఇంట్లో దానికి చోటు లేదు. అందుకే సామాన్య భాజకం ఉన్నట్టు కనబడినప్పుడు పలు ప్రధాన సంఖ్యలతో లెక్క వేసి, చైనీయ శేష సిద్ధాంతంతో (వేర్వేరు శేషాల నుంచి అసలు సంఖ్యను రాబట్టే పద్ధతితో) కలిపి, చివర భాగించి సరిచూస్తారు. గ.సా.భా. ప్రోగ్రాంను గుణకాల క్షేత్రం మీద ఒక్కసారి రాసి, క్షేత్రాన్ని మాత్రం మారుస్తూ పిలవగల భాషలో ఇదంతా కొద్ది పంక్తుల పని.

ప్రశ్న: యాక్సియం ఇంత గొప్ప వ్యవస్థ అయితే మా కళాశాలలో ఎవరూ దాని పేరు ఎందుకు వినలేదు? మ్యాథమాటికా, మేపుల్ అనే గణిత సాఫ్ట్‌వేర్ల పేర్లు మాత్రమే తెలుసు.
— విశ్రాంత ఉపన్యాసకురాలు, తిరుపతి

జవాబు: కొంత వ్యాపారం, కొంత స్వభావం. 1990ల మొదట్లో ఐబీఎం దీనిని బ్రిటన్‌లోని న్యుమెరికల్ అల్గోరిథమ్స్ గ్రూప్‌కు అప్పగించింది. యాక్సియం పేరుతో అమ్మకానికి వచ్చింది. అప్పటికే మేపుల్, 1988లో వచ్చిన మ్యాథమాటికా విద్యాలయాలలో పాతుకుపోయాయి. 2001లో యాక్సియంను మార్కెట్టు నుంచి ఉపసంహరించి, తరువాత మూలకోడ్‌ను ఉచితంగా విడుదల చేశారు. టిమ్ డేలీ దాని బాధ్యత తీసుకున్నాడు. 2007లో దాని నుంచి ఓపెన్‌యాక్సియం, ఫ్రైకాస్ అనే శాఖలు విడిపోయాయి. వాల్డెక్ హెబిష్ మొదలుపెట్టిన ఫ్రైకాస్‌లో సమాకలనపు పని మరింత ముందుకు సాగింది.

స్వభావం సంగతి ఏమిటంటే, ఇది కొత్తవారిని ఆదరించే వ్యవస్థ కాదు. మ్యాథమాటికా ఏ సమాసాన్నయినా స్వీకరించి, తిరగరాసే సూత్రాలను వర్తింపజేసి, ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. యాక్సియం 'ఈ రెండింటినీ కూడే ప్రమేయం నాకు కనబడలేదు' అంటూ ఒక పేజీ సందేశం ఇస్తుంది. మాకు మొదటి వారమంతా ఆ సందేశాలతోనే గడిచింది. ఆలోచన మాత్రం వ్యర్థం కాలేదు: సిడ్నీలో తయారైన మాగ్మా, విలియం స్టెయిన్ 2005లో మొదలుపెట్టిన సేజ్, ఇవి కూడా ప్రతి మూలకానికీ 'తల్లి' నిర్మాణం ఏదో గుర్తుపెట్టుకుంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, గణితమంటే ఇష్టం. ఖర్చు లేకుండా ఇవన్నీ ఎలా చూపించాలి?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఫ్రైకాస్, మాక్సిమా అనే మరో బీజగణిత వ్యవస్థ, సింపై మూడూ ఉచితమే. పైథాన్ కొంత వచ్చినట్లయితే సింపైతో మొదలుపెట్టడం సులువు. ఈ ఉత్తరాలలోని సంగతులు చూడాలంటే ఫ్రైకాస్ కావాలి. అందులో 'ఫ్యాక్టర్' అనే ఆదేశానికి యా² + 1 ఇచ్చి చూడమనండి. తరువాత అదే సమాసం పక్కన రెండు కోలన్ల జంట పెట్టి, 5 శేషాల క్షేత్రంలోని బహుపదుల డొమైన్ పేరు రాసి మళ్ళీ అడగమనండి. 5 స్థానంలో 7, 11, 13, 17, 19 వరుసగా మారుస్తూ, ఎక్కడ విడిపోయిందో ఎక్కడ విడిపోలేదో నోటు పుస్తకంలో రాసుకొని, ప్రతి ప్రధాన సంఖ్య పక్కనా దానిని 4తో భాగిస్తే వచ్చే శేషాన్ని కూడా వేసుకోమనండి. 13 దగ్గర (యా + 5)(యా + 8) రావాలి.